మైనంలో రెండు వారాలు

మా చెల్లెలు కట్టుడు పళ్ళు చేస్తుంది. డాక్టరు కాదు. డాక్టరు నోటి అచ్చు తీసి పంపిస్తే, ఆ నోటి యజమాని ముఖం ఎలా ఉంటుందో కూడా తెలియకుండా, వెనక సందులోని లాబులో కూర్చుని పళ్ళు పేర్చే మనిషి. దాని మొగుడు కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు బిగిస్తాడు. ఈవిడ పళ్ళు, ఆయన కళ్ళు. జనం ముసలివాళ్ళవడం మానేస్తే వీళ్ళింట్లో పొయ్యి వెలగదని పెళ్ళినాడే అన్నాను. మా మరిది పడీపడీ నవ్వాడు. మా చెల్లెలు నవ్వలేదు. అలా జరిగే అవకాశం ఎంతుందో ఆలోచిస్తూ కూర్చుంది.

దాని పనిలో ఒక పద్ధతి ఉంది. అది తెలియకపోతే మా చెల్లెలు అర్థం కాదు. నోటి అచ్చులో ప్లాస్టర్ పోసి దిమ్మ తీస్తారు. దాని మీద గులాబీరంగు మైనం పరిచి అందులో పళ్ళు ఒక్కొక్కటే గుచ్చుతారు. ఆ మైనం సెట్టును ముందు మనిషి నోట్లో పెట్టి చూస్తారు. కొరకమంటారు, నవ్వమంటారు, ఇరవై దాకా అంకెలు చెప్పమంటారు. తేడా వస్తే మైనం కాస్త వేడిచేసి పన్ను ఇటో అటో జరుపుతారు. అంతా కుదిరిందన్నాకే మైనం తీసేసి దాని చోట గట్టి ప్లాస్టిక్ పోస్తారు. ఆ తర్వాత దేవుడు దిగొచ్చినా పన్ను జరగదు.

లాబులో ఇది మంచి పద్ధతే. ఇంటికి తెచ్చుకుంటేనే చిక్కు. మా చెల్లెలు దేన్నయినా ముందు మైనంలో చూడందే ఒప్పుకోదు. గోడకి రంగు వేయించాల్సి వస్తే అరచేతి మేర నాలుగు రంగులు పూయించి, నెల్లాళ్ళు ఆ నాలుగింటితోనూ కాపురం చేసింది. పెళ్ళికి ఒప్పుకునే ముందు మా మరిదిని ఒకసారి బ్యాంకు క్యూలో, ఒకసారి ఆసుపత్రి వరండాలో, ఒకసారి దారిలో చెడిపోయిన బస్సులో కూర్చోబెట్టి చూసింది. మూడుచోట్లా ఆయన పక్కవాళ్ళతో కబుర్లు చెప్పుకుంటూ హాయిగా గడిపాడు. అదే నచ్చిందట. పెద్దపిల్ల పుట్టినప్పుడు మూడు పేర్లు అనుకుని వారానికొకటి చొప్పున పిలిచి చూసింది. పసిగుడ్డు మూడింటికీ ఒకేలా ఏడ్చింది.

నేను దాని అక్కని. అది మొదటి అంతస్తు, నేను రెండో అంతస్తు, మధ్యలో పంతొమ్మిది మెట్లు. బట్టలు సరిచేయడం నా పని. బిగుతైనవి వదులు చేస్తాను, వదులైనవి బిగిస్తాను. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగినవాళ్ళకి తలో జవాబు చెప్పాను, అన్నీ నిజమే. పిల్లలిద్దరూ బడి నుంచి తిన్నగా నా దగ్గరికే వస్తారు. ఏడేళ్ళ పెద్దదాన్ని జడ్జిగారు అంటాం, దాని ముందు ఎవరూ ఏ నియమమూ తప్పడానికి వీల్లేదు. మూడేళ్ళవాడు బుడతడు. వాడికి నడక నేర్పింది నేను, నిక్కరు తొడుక్కోవడం నేర్పింది నేను, కుట్టుమిషను చప్పుడుకి నిద్రపోవడం అలవాటు చేసింది నేను. కాబట్టి ఈ సంగతి నేను ఎటూ మొగ్గకుండా చెబుతానని ఎవరూ ఆశ పెట్టుకోవద్దు.

అసలు సంగతేమిటంటే, పోయిన ఏడాది ఆ లాబులోకి యంత్రం దిగింది. కంప్యూటర్లో బొమ్మ వేస్తే అది గంటలో రెండు వరసలూ చెక్కి ఇస్తుంది. పన్నెండేళ్ళుగా ఒక్కొక్క పన్నూ వేళ్ళతో తిప్పి నిలబెట్టిన మా చెల్లెలికి, ఆ యంత్రం చెక్కినవాటిని మెరుగుపెట్టే పని మిగిలింది. అది తన పళ్ళ డబ్బాని లాబు నుంచి ఇంటికి తెచ్చేసుకుంది. ఇంట్లో చెంచాలు, గరిటెలు కూడా తళతళా తోమడం మొదలుపెట్టింది. అప్పుడే నాకు భయమేసింది.

ఇంతలో విదేశం నుంచి ఉత్తరం వచ్చింది. ఇక్కడ పనిచేసి వెళ్ళిపోయిన ఒక డాక్టరమ్మ అక్కడివాళ్ళకి దీని చేతిపని గురించి చెప్పిందట. పూర్తి సెట్లు చేత్తో చేసే విభాగానికి పెద్దగా రమ్మన్నారు. ఐదేళ్ళు. కుటుంబంతో సహా. పిల్లల చదువు వాళ్ళే చూసుకుంటారు. పని వేళలు మాత్రం ఎక్కువ, ఉదయం ఆరింటికి ఇల్లు వదిలితే సాయంత్రం ఏడింటికి చేరడం. అక్కడి పరీక్ష పాసయ్యేదాకా మా మరిదికి కళ్ళజోళ్ళ పని దొరకదు, ఇంట్లో ఉండి పిల్లల్ని చూసుకోవాలి. నెలాఖరులోగా జవాబు చెప్పాలి.

ఐదేళ్ళంటే బుడతడికి ఎనిమిది. మూడేళ్ళప్పుడు వెళ్ళినవాడు ఎనిమిదేళ్ళప్పుడు తిరిగొస్తే వాడికి పెద్దమ్మంటే ఒక ఫోటో. నేను పైకి ఆ మాట అనలేదు. అన్నది ఇది.

"పళ్ళూడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేం? ఇక్కడి రాయి సరిపోలేదా?"

"అక్కా, ఊరికే అనకు," అంది మా చెల్లెలు. "వెళ్ళకపోతే నా చేతులు పాడైపోతాయి. వెళ్తే పిల్లలు ఏమైపోతారో తెలీదు. తెలీనిదాన్ని తెలుసుకునే దారి ఒకటే ఉంది."

"వద్దే."

"రెండు వారాలు. మైనంలో చూద్దాం."

మైనంలో చూడటమంటే, ఇల్లు కదలకుండా విదేశంలో ఉన్నట్టు బతకడం. భోజనాల బల్ల దగ్గర కూర్చుని నియమాలు రాసింది. తను ఆరింటికి వెళ్ళి ఏడింటికి వస్తుంది. మొగుడు సెలవు పెట్టి ఇంట్లో ఉంటాడు. వీధిలో ఆయనకి ఎవరూ తెలియదు. పిల్లలు బడి నుంచి తిన్నగా నాన్న దగ్గరికే వస్తారు. పెద్దమ్మ వేరే దేశంలో ఉంది. బుధవారం, ఆదివారం ఫోన్ చేస్తుంది, పావుగంట మాట్లాడుతుంది.

"నేను వేరే దేశంలో ఉన్నానా?" అన్నాను. "నా ఇంట్లో నేను కూర్చుని?"

"మెట్ల మీద కనిపిస్తే?" అని జడ్జిగారు అడిగింది.

"కనిపించదు. అక్కడ లేదు కదా," అంది తల్లి. తర్వాత నా వైపు తిరిగి, "నువ్వు మధ్యలో దిగొస్తావని నాకు తెలుసు అక్కా. అందుకే ముందే చెప్తున్నా. నువ్వు వేలు పెడితే నాకేమీ తెలీకుండా పోతుంది," అంది.

నాకు ఒళ్ళు మండింది. "నీ పిల్లలు ఇల్లు పీకి పందిరేసినా నేను గడప దాటను. నా వల్ల చెడిందని అనిపించుకునే రకాన్ని కాదు," అన్నాను. అదీ నా పొగరు. ఆ తర్వాత జరిగినదంతా దానివల్లే.

మొదటి సోమవారం నుంచే మా వీధికి వినోదం మొదలైంది. పదిహేనేళ్ళుగా ప్రతి గుమ్మం దగ్గరా ఆగి మోకాళ్ళ నొప్పుల దాకా విచారించే మా మరిది, తల వంచుకుని ఎవరినీ పలకరించకుండా పాల దుకాణానికి వెళ్ళాడు. దుకాణదారు పేరు పెట్టి పిలిచినా పలకలేదు. చేత్తో పాల ప్యాకెట్టు చూపించి, వేళ్ళతో రెండు అన్నాడట. మధ్యాహ్నానికల్లా ఆయనకి గొంతు పోయిందని ఒక వార్త, కాదు అందరితోనూ తగాదా పెట్టుకున్నాడని ఒక వార్త. పరామర్శకి నలుగురు వచ్చారు. ఆయన తలుపు తీసి, వచ్చినవాళ్ళని ఎప్పుడూ చూడనట్టు చూశాడు. మూడోరోజుకి పాపం ఆయన మాటల్లేక వాచిపోయి, నీళ్ళ పంపుతో మాట్లాడుతుండగా పై నుంచి విన్నాను.

బుధవారం ఫోన్ చేశాను. ఫోన్ కింద మోగడం నాకు పైకి వినిపించింది.

"పెద్దమ్మా, మీ దగ్గర ఇప్పుడు చీకటా?" అన్నాడు బుడతడు.

"మీ దగ్గరెలా ఉందో నా దగ్గరా అలాగే ఉంది నాన్నా."

వెనక నుంచి జడ్జిగారి గొంతు: "అలా చెప్పకూడదు! చీకటి అనాలి!"

"చీకటే," అన్నాను. కిటికీలోంచి ఎండ నా మిషను మీద పడుతోంది.

మర్నాడు మెట్ల మీద ఎదురుపడ్డాం. నేను దారాలు కొనుక్కుని వస్తున్నాను, వాళ్ళు నాన్నతో దిగుతున్నారు. జడ్జిగారు తల తిప్పేసుకుంది. మా మరిది కళ్ళతోనే క్షమాపణ చెప్పుకున్నాడు. బుడతడు నా వైపు రెండు చేతులూ చాచి, అంతలోనే గుర్తొచ్చి, చేతులు దించేసి గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. "పెద్దమ్మ ఇక్కడ లేదు," అని గోడకి చెప్పాడు. నేను గబగబా పైకొచ్చి, ఎవరిదో మంచి చొక్కాకి చేతులు తారుమారుగా కుట్టాను.

మా చెల్లెలి సంగతీ చెప్పాలి. యంత్రం వచ్చాక లాబులో దాని పని నాలుగింటికే అయిపోతుంది. ఏడింటిదాకా ఇంటికి రాకూడదు కాబట్టి ఏం చేస్తోందో అనుకున్నాను. శుక్రవారం గుండీల కోసం బజారుకి వెళ్తే కనిపించింది. బస్టాపు బెంచీ మీద సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. మా ఇంటివైపు వెళ్ళే బస్సులు ఒకటొకటే వచ్చి వెళ్ళిపోతున్నాయి. ప్రతి బస్సుకీ సగం లేచి మళ్ళీ కూర్చుంటోంది. దాని మొండితనానికి రెండు తగిలిద్దామనుకున్నాను. దగ్గరికి వెళ్ళబోయి, దాని ముఖం చూసి, స్తంభం చాటుకి తప్పుకున్నాను. చిన్నప్పుడు పంటినొప్పిని కూడా పంటి బిగువున ఓర్చుకునేది ఈ పిల్లే. నేను ఎరగనా?

రెండో మంగళవారం సాయంత్రం, ఇంకా బాగా వెలుగుండగానే, కింద నుంచి బుడతడి కేక వినిపించింది. మామూలు పేచీ కాదు. నాకు వాడి ఏడుపులన్నీ తెలుసు, ఇది నేను ఎప్పుడూ విననిది. మిషను వదిలేసి పంతొమ్మిది మెట్లూ దిగాను. గ్రిల్లు తలుపు వెనక జడ్జిగారు నిలబడి ఉంది. కళ్ళనిండా నీళ్ళు, చేతులు మాత్రం నడుం మీద.

"నువ్వు రాకూడదు పెద్దమ్మా. విమానం లేదు."

"విమానం సంగతి తర్వాత. ఏమైందే?"

లోపల్నుంచి మా మరిది అరిచాడు. "వదినగారూ, వాళ్ళమ్మ డబ్బాలోంచి పన్ను తీసి ముక్కులో దూర్చుకున్నాడు! ఊపిరి బానే ఆడుతోంది. మీరు రావద్దు! నేను చూసుకుంటాను! టాక్సీ దొరకట్లేదు, స్కూటరు మీద వీడు నిలవట్లేదు, అయినా చూసుకుంటాను!"

గ్రిల్లు పట్టుకుని నిలబడ్డాను. ఒక్క అడుగు లోపలికి వేస్తే ఆ పరీక్ష అక్కడితో తప్పినట్టే, విదేశమూ లేదు, ఏమీ లేదు. నేను కోరుకున్నదీ అదే కదా? కానీ నేను వేలు పెట్టానని అది జీవితాంతం అంటుంది. అనకపోయినా అనుకుంటుంది. ఆ మాట నేను పడలేను. అందుకని లోపలికి వెళ్ళకుండా కిందికి పరిగెత్తాను.

కింది అంతస్తులో ఒకాయన ఒంటరిగా ఉంటాడు. నీళ్ళ మీటర్లు చదివే ఉద్యోగం. నాలుగేళ్ళలో నాలుగు మాటలు కూడా మాట్లాడలేదని ఆయనకి ముభావం అని పేరు పెట్టాం. ముఖ్యంగా నేను పెట్టాను. ఆయనకి ఒక పాత కారు ఉంది. తలుపు దబదబా బాదాను.

"పైన పిల్లాడు ముక్కులో ఏదో దూర్చుకున్నాడు. మీ కారులో ఆసుపత్రికి తీసుకెళ్ళండి. నేను చెప్పానని మాత్రం చెప్పొద్దు, మీ అంతట మీరే వచ్చినట్టు వెళ్ళండి. మీకు పుణ్యముంటుంది."

ఆయన తలూపి, నన్ను దాటుకుని మెట్లెక్కాడు. రెండు నిమిషాల్లో అందరూ కారులో ఉన్నారు. ఆసుపత్రిలో డాక్టరు చిన్న పట్టకారుతో అర నిమిషంలో దాన్ని లాగేసి, ముక్కులో పన్ను మొలిచిందేమిటని తెల్లబోయాడట. ఫోన్ అందుకుని మా చెల్లెలు పరిగెత్తుకుంటూ చేరేసరికి బుడతడు ముభావం భుజం మీద నిద్రపోతున్నాడు. పై వరస, ముందరి పన్ను, మంచి నాణ్యం. కడిగి మళ్ళీ డబ్బాలో పెట్టేసింది.

ఆ రోజు నుంచి మా చెల్లెలి ముఖమే మారిపోయింది. మర్నాడు బుధవారం రాత్రి ఫోన్లో పిల్లలతో పని లేకుండా నాతో అదే మాట్లాడింది.

"అక్కా, నేను దేనికి భయపడ్డానో తెలుసా? నువ్వు లేని చోట పిల్లలకి ఏదైనా అయితే ఎవరొస్తారని. ఎవరూ తెలీని మనిషి, మనం పలకరించని మనిషి, ఏడుపు విని తనంతట తనే వచ్చి తలుపు కొట్టాడు. ఎక్కడైనా అలాంటివాళ్ళు ఒకరు ఉంటారు కదా?"

"ఉంటారు," అన్నాను. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టయింది నా పని.

నా నోట్లో నువ్వుగింజ నానదని మా ఇంట్లో పేరు. అలాంటిది ఐదు రోజులు నానబెట్టాను. అది వెళ్ళడానికి ఆధారం ఆ ఒక్క సంఘటనే. ఆ ఆధారం నేను పెట్టిన దొంగ పన్ను. నిజం చెప్పేస్తే అది ఆగిపోతుంది, పిల్లలు నాకు మిగులుతారు. నిజం చెప్పడంలో ఇంత లాభముందని నాకు ఎప్పుడూ తెలియదు. లాభముంది కాబట్టే నోరు రాలేదు. దాని గొంతులో అంత ధైర్యం విని ఎన్నాళ్ళయిందో.

ఆదివారంతో రెండు వారాలు పూర్తయ్యాయి. సాయంత్రం మా చెల్లెలు జవాబు కాగితం మీద సంతకం పెడుతుందని, నన్ను విదేశం నుంచి కిందికి రమ్మని మా మరిది గుమ్మంలో నిలబడి గట్టిగా పిలిచాడు. ఆ పిలుపులో వీధికంతటికీ బాకీపడ్డ రెండు వారాల పలకరింపులు కలిసి వినిపించాయి. ఇక చెప్పేద్దామని నిశ్చయించుకున్నాను. ముందు ముభావంగారికి ఒక మాట చెప్పాలి కదా, నా అబద్ధం ఆయన నెత్తిన ఉంది. మొదటి అంతస్తు దాటి కిందికి దిగాను. ఆయన గుమ్మం ముందు కుండీలకి నీళ్ళు పోస్తున్నాడు.

"ఆ రోజు నేనే మిమ్మల్ని పంపించానని మా చెల్లెలికి చెప్పేస్తున్నానండీ. మీరేమీ అనుకోకండి."

ఆయన చెంబు పక్కన పెట్టాడు.

"మీరు తలుపు కొట్టేసరికి కారు తాళం నా చేతిలోనే ఉందండీ," అన్నాడు. "ఒక చెప్పు వేసుకున్నాను. రెండోది కనపడక వెతుకుతున్నాను. పిల్లాడి ఏడుపు నాకూ వినిపిస్తుంది కదా."

"మరి ఇన్నేళ్ళలో ఒక్కసారీ రాలేదేం?"

"వచ్చేవాణ్ణండీ. సగం మెట్లెక్కేసరికి పై నుంచి మీరు దిగుతున్న చప్పుడయ్యేది. ఇక నా అవసరం లేదనుకుని వెనక్కి తిరిగేవాణ్ణి. ప్రతిసారీ మీరే ముందుండేవారు."

నేను ఆయనకి పెట్టిన పేరు గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయాను.

తిరిగి పైకి ఎక్కడం మొదలుపెట్టాను. నిజం చెప్పకతప్పదు, ఆ మెట్ల మీద నాకు ఒక పాడుబుద్ధి పుట్టింది. సగం చెబితే చాలు. నేనే పంపించానే అంటే చాలు. అది అబద్ధం కాదు. తాళం సంగతి, చెప్పు సంగతి నాకూ ఆయనకీ తప్ప ఎవరికీ తెలియదు, ఆయన ఎలాగూ మాట్లాడడు. మెట్టు మెట్టుకీ ఆ మాట నోట్లో తిప్పుకున్నాను.

లోపల బల్ల మీద కాగితం ఉంది. మా చెల్లెలు కలం మూత తీసి కూర్చుంది. బుడతడు నన్ను చూసి, ఒకసారి అక్క వైపు చూశాడు. జడ్జిగారు గోడ గడియారం చూసి, "అయిపోయింది, వెళ్ళొచ్చు," అంది. వాడు వచ్చి నా కాళ్ళని చుట్టేసుకున్నాడు. ఆ పట్టులో ఉండగానే మొత్తం చెప్పేశాను. తలుపు కొట్టింది నేనేనని, ఆయన అప్పటికే బయల్దేరాడని, నాలుగేళ్ళుగా సగం మెట్ల దాకా వచ్చి తిరిగి వెళ్తున్నాడని.

మా చెల్లెలు కలం దించి నా వైపు తిరిగింది.

"ఈ రెండు వారాలు నీకు ఎలా ఉంది అక్కా?"

"ఏమీ బాగాలేదు. వెళ్ళండి."

నాకు ఏడుపొచ్చింది. ఆపుకోలేదు. అది కూడా ఏడుస్తూ కలం కాగితం మీద పెట్టింది. కలం నొక్కుడుకి కాగితం పక్కకి జరిగింది. నేను ముక్కు తుడుచుకుని, ముందు సంతకం తిన్నగా పెట్టవే అని కసిరి, అది మళ్ళీ జరగకుండా రెండో అంచు గట్టిగా నొక్కి పట్టుకున్నాను.